ర్యాంకు కన్నా ముందు బరువెంతో చెప్పండి

సంపాదకులకు,

ప్రపంచంలోని మేటి పదాతి దళాలకు మార్కులు వేస్తూ మీ పత్రిక ఇచ్చిన పట్టికలో, బ్రిటన్ రాయల్ మెరైన్ కమాండోల కంటే పారాచూట్ రెజిమెంట్ సైనికులే (పారాలు) వేగంగా నడుస్తారని తేల్చేశారు. అవే పరీక్షల్లోంచి మరో అంకె ఏరుకుంటే మెరైన్లను గెలిపించడమూ అంతే తేలిక.

పారాల ఎంపికలో 10 మైళ్ల నడక ఉంది. వీపున 35 పౌండ్ల సంచి, ఆపైన తుపాకీ, నీళ్లు. గడువు 1 గంట 50 నిమిషాలు, అంటే గంటకు దాదాపు 8.8 కిలోమీటర్లు. కమాండోల ఆఖరి పరీక్ష ఇంగ్లాండ్‌లోని డార్ట్‌మూర్ కొండనేల మీద 30 మైళ్లు. రిక్రూట్లకు 8 గంటలు, ఆఫీసర్లకు 7. రిక్రూట్ల లెక్కన గంటకు 6 కిలోమీటర్లే. మీరు చూసింది ఇదే కాబోలు. కానీ కమాండో పరీక్షల్లో 90 నిమిషాల్లో ముగించాల్సిన 9 మైళ్ల స్పీడ్ మార్చ్ కూడా ఉంది. అక్కడ వేగం గంటకు 9.6 కిలోమీటర్లు దాటుతుంది. దాన్ని తీసుకుంటే ర్యాంకులు తారుమారు. అదీ న్యాయం కాదు, ఎందుకంటే అందులో మోసే బరువు తక్కువ.

పైగా కొన్ని పరీక్షలు గడియారానికి అందవు. లింప్‌స్టోన్‌లోని శిక్షణ శిబిరానికి దగ్గర్లో జరిగే కమాండోల ఎండ్యూరెన్స్ కోర్సు చూడండి. బురద మడుగులు, సొరంగాలు, నిండా నీళ్లున్న ఒక గొట్టం. ఆ గొట్టంలోకి ఒకడు వెనక నుంచి తోస్తే, మరొకడు ముందు నుంచి లాగాలి. అక్కడి నుంచి తడి బట్టలతోనే శిబిరానికి 4 మైళ్ల పరుగు. చేరాక 10 గుండ్లు కాల్చి 6 తగిలించాలి. వగర్చే ఊపిరికి గురి ఊగుతుంది. దారిలో తుపాకీని బురద పట్టకుండా కాచుకోకపోతే అది మొరాయిస్తుంది. ఎంత వేగంగా పరుగెత్తినా గుండ్లు తగలకపోతే ఫెయిలే. పారాల దుంగ పరుగుదీ వేరే లెక్క. 60 కిలోల దుంగ, 8 మంది, 1.9 మైళ్లు. దుంగకు కట్టిన తాడును ఒకడు వదిలాడంటే వాడి వాటా మిగతా ఏడుగురి మీద పడుతుంది, కాసేపటికి మరొకడు జారిపోతాడు. ఇక 60 సెకన్ల ‘మిల్లింగ్’ అనే గుద్దులాటలో చూసేది బాక్సింగ్ నేర్పు కాదు, వెనక్కి తగ్గకపోవడం. తల తప్పించుకుంటే మార్కులు పోతాయి.

రెండు దళాలను నిజంగా పక్కపక్కన పెట్టి చూడాలంటే అర్జెంటీనాతో బ్రిటన్ చేసిన 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధం ఉంది. 2, 3 పారా బెటాలియన్లు అప్పుడు మెరైన్ల 3 కమాండో బ్రిగేడ్ కిందే పోరాడాయి. మే 25న బ్రిటన్ సరుకు ఓడ అట్లాంటిక్ కన్వేయర్‌ను క్షిపణి తాకడంతో అందులోని మూడు చినూక్ హెలికాప్టర్లు పోయాయి. ఎగిరి వెళ్లాల్సినవాళ్లు కాళ్లకు పని చెప్పాల్సి వచ్చింది. 36 కిలోల బరువుతో మూడు రోజుల్లో 90 కిలోమీటర్లు అని సాధారణంగా చెబుతారు. మెరైన్లు దాన్ని ‘యాంప్’ అంటారు, పారాలు ‘ట్యాబ్’ అంటారు. ఎదుటివాడి మాటను పొరపాటున కూడా నోట రానివ్వరు! 3 పారా నేరుగా టీల్ ఇన్‌లెట్‌కు దారి పట్టింది, 45 కమాండో అనే మెరైన్ బెటాలియన్ డగ్లస్ మీదుగా వెళ్లింది. దారులే వేరైనప్పుడు ఎవరు ముందు చేరారన్న పందెం దేనికి? ఇద్దరినీ ఒకేలా పీడించింది బూట్లలోకి దిగిన నీళ్లు. రోజుల తరబడి తడిసిన పాదం తెల్లగా ముడతలు పడి, మొద్దుబారి, ఆపైన ఉబ్బుతుంది. దాన్నే ట్రెంచ్ ఫుట్ అంటారు. ఆగిన ప్రతిచోటా పాదాలు తుడుచుకుని మేజోళ్లు మార్చడం, విప్పిన జతను చొక్కా లోపల పెట్టి ఒంటి వేడికి ఆరబెట్టడం తప్ప దానికి మంత్రమేమీ లేదు.

జూన్ 11 రాత్రి మరో మెరైన్ బెటాలియన్ 42 కమాండో మౌంట్ హారియట్‌ను, 3 పారా మౌంట్ లాంగ్‌డన్‌ను పట్టుకున్నాయి. హారియట్‌లో బ్రిటిష్ మృతులు ఇద్దరు, లాంగ్‌డన్‌లో 23 మంది. పట్టిక వేసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? కానీ ముందు రాత్రుల్లో గస్తీ తిరిగి మందుపాతరల మధ్య దారి కనిపెట్టిన మెరైన్లు వెనక నుంచి ఎక్కారు. లాంగ్‌డన్ ఇరుకు గుట్ట. చడీచప్పుడు లేకుండా ఎక్కుతుండగా ఒకరి కాలి కింద మందుపాతర పేలి, శత్రువు మేల్కొన్నాడు. ఆ తేడాను టోపీ రంగుకు (మెరైన్లది ఆకుపచ్చ, పారాలది మెరూన్) అంటగట్టలేం.

పోటీ చెడ్డదని నేననను. పక్క దళం చూస్తోందన్న పట్టుదలతోనే చాలామంది ఆఖరి మైలు లాగుతారు. అయితే మేం వేరు, మాకు నియమాలు వేరు అన్న గర్వం ముదిరితే ఏమవుతుందో కెనడా చూసింది. 1993లో సోమాలియాలో కెనడియన్ ఎయిర్‌బోర్న్ రెజిమెంట్ సైనికులు ఒక టీనేజి కుర్రాడిని చిత్రహింసలు పెట్టి చంపారు. కొత్తవాళ్లను అవమానించే వీడియోలు కూడా బయటపడ్డాక, 1995లో ప్రభుత్వం ఆ రెజిమెంట్‌నే రద్దు చేసింది. మీ పట్టికలో క్రమశిక్షణకు ఒక్క మార్కు కూడా లేదు.

ఈసారి పట్టిక వేస్తే దూరం, బరువు, నేల తీరు, అంతకుముందు రోజు చేసిన పని, గమ్యం చేరాక చేయాల్సిన పని చెప్పే గడులు చేర్చండి. పేజీలో చోటు చాలకపోతే ర్యాంకు గడి తీసేయండి.

– ఒక పాఠకుడు