శ్రావణం బ్లౌజుల గురించి, నా ఆరోగ్యం గురించి

అక్కలకు, అమ్మలకు, చెల్లెళ్ళకు నమస్కారం.

కొర్లగుంటలో మన టైలరింగ్ షాపు షట్టరు మధ్యాహ్నం అయ్యేసరికి ఎందుకు దించేస్తున్నారని చాలామంది అడుగుతున్నారు. గంగమ్మ జాతర వారంలో వచ్చి, మూసి ఉందని తిరిగి వెళ్ళిన వాళ్ళూ ఉన్నారు. ఒక అక్క అయితే ఫోన్ చేసి "షాపు ఎత్తేస్తున్నావంట, నిజమేనా?" అని బాధపడింది. ఎత్తేయడం లేదు. అయితే ఇకమీదట షాపు వేరే పద్ధతిలో నడుస్తుంది. అది ఎందుకో మీ అందరికీ ఒకేసారి చెప్పేద్దామని ఇది రాస్తున్నాను.

నాకున్న జబ్బు పేరు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్. మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ అని ఇంకో పేరు. రెండూ కలిపి డాక్టర్లు ఎం.ఇ./సి.ఎఫ్.ఎస్. అని రాస్తారు. ఇదేమీ ఈ మధ్య పుట్టిన జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1969లోనే దీన్ని నరాలకు సంబంధించిన జబ్బుల్లో చేర్చింది. చాలామందికి ఏదో ఒక వైరల్ జ్వరం తర్వాత మొదలవుతుంది. నాకూ అంతే. జ్వరం తగ్గిపోయింది, ఒంట్లో సత్తువ మాత్రం తిరిగి రాలేదు. కరోనా వచ్చి తగ్గాక నెలల తరబడి కోలుకోనివాళ్ళు మన చుట్టుపక్కల కూడా ఉన్నారు కదా, వాళ్ళలో చాలామందికి ఉన్న లక్షణాలు ఇవే.

మొదట్లో చేయించని పరీక్ష లేదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12, విటమిన్ డి, అన్నీ నార్మల్. ఒక పెద్ద ఆసుపత్రిలో ఆ కాగితాలు తిరగేసి, "ఇంట్లో ఏమైనా టెన్షన్లా అమ్మా?" అన్నారు. ఆ మాట నన్ను జబ్బుకంటే ఎక్కువ కుంగదీసింది. నా మాట నేనే నమ్మాలో వద్దో తెలియని స్థితికి వచ్చాను. ఈ జబ్బు ఉందని తేల్చే రక్తపరీక్ష ఇప్పటికీ లేదన్న సంగతి నాకు ఆ తర్వాతే తెలిసింది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే ఎక్కువగా వస్తుందట. టెన్షన్ అనేసి పంపించేయడం అంత సులువు కావడానికి అది కూడా ఒక కారణమేనని నా గట్టి అభిప్రాయం.

చివరికి ఒక డాక్టరమ్మ కూర్చోబెట్టి ఓపిగ్గా అడిగారు. ముందులా పనులు చేసుకోలేకపోవడం ఆరు నెలలకు పైగా ఉందా? పని చేశాక ఆ రోజు కాకుండా మర్నాడో ఆ మర్నాడో పడిపోతున్నావా? రాత్రంతా పడుకున్నా పొద్దున్నే అలసిపోయే లేస్తున్నావా? లెక్కలు, మాటలు గుర్తుండడం లేదా? నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా? అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అనే సంస్థ 2015లో చెప్పిన గుర్తులు ఇవేనని ఆమే చెప్పారు. అన్నిటికీ అవుననే చెప్పి, అక్కడే ఏడ్చేశాను. జబ్బు ఉందన్నందుకు కాదు, నా మాట నమ్మినందుకు.

ఇక మెట్ల సంగతి. "అలిపిరి నుంచి ఒకసారి నడిచి కొండెక్కు, అన్నీ ఆయనే చూసుకుంటాడు" అని ప్రేమతో చెప్పినవాళ్ళు చాలామంది. నేనూ ఈ ఊళ్ళో పుట్టి పెరిగినదాన్నే, ఆ 3,550 మెట్లు ఎన్నోసార్లు ఎక్కినదాన్నే. ఇప్పుడు ఎందుకు ఎక్కనో మీకు అర్థమైతే ఈ జబ్బంతా అర్థమైనట్టే. మామూలు అలసట అయితే పడుకుని లేస్తే పోతుంది. దీనిలో అలా కాదు. శక్తికి మించి చేసిన పనికి ఫలితం చాలామందికి పన్నెండు గంటల నుంచి రెండు రోజుల తర్వాత కనిపిస్తుంది. ఒళ్ళంతా జ్వరం వచ్చినట్టు నొప్పులు, గొంతు మంట, లైటు పడదు, మాట పడదు. ఒక్కోసారి వారాల తరబడి అలాగే ఉంటుంది. మెట్లే ఎక్కనక్కర్లేదు. పండగ ముందు ఒక్క పూట ఎక్కువసేపు నిలబడి కటింగ్ చేసినా చాలు. వాకింగ్ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పో అని సలహా ఇచ్చేవాళ్ళకూ ఇదే నా జవాబు. ఇంగ్లండులో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ, అలా లెక్కగా పెంచుకుంటూ పోయే వ్యాయామ చికిత్సను ఈ జబ్బువాళ్ళకు ఇవ్వకూడదని 2021లో స్పష్టంగా చెప్పింది. స్వామి దర్శనానికి నేను బస్సులో వెళ్తున్నాను. ఆయనకు తెలుసు.

దీనికంటూ ఆమోదం పొందిన మందు ఇంకా లేదు. నిద్రకు, నొప్పులకు, కళ్ళు తిరగడానికి దేనికి దానికి మందులు ఇస్తారు. మిగతాదంతా శక్తిని పొదుపుగా వాడుకోవడమే. మన పనిలో ఉన్న గుడ్డను బట్టే కదా కటింగ్ వేస్తాం, ఇదీ అంతే. బాగున్న రోజున కూడా ఇంకాస్త చేద్దామని చెయ్యకూడదు. నాకు అన్నిటికంటే కష్టమైన పాఠం అదే, ఎందుకంటే బాగున్న రోజున చేతులు ఊరుకోవు.

అందుకని షాపులో చాలా మార్చాను. తొక్కే మిషన్‌కు మోటారు పెట్టించాను. కటింగ్ బల్ల ఎత్తు తగ్గించి స్టూలు మీద కూర్చునే కత్తిరిస్తున్నాను. కొలత చదివి రాసేలోపే అంకె మనసులోంచి జారిపోతుంది కాబట్టి, నేను టేపు పట్టుకుని చదువుతుంటే హుక్కులు, కాజాలు వేసే మా చెల్లెలు రాసుకుని తిరిగి నాకు చదివి వినిపిస్తుంది. పొద్దున పదిన్నర నుంచి ఒంటిగంట దాకా, సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా షాపు ఉంటుంది. మధ్యలో కళ్ళు మూసుకుని పడుకుంటాను. ఫోన్ ఎత్తను, దయచేసి ఏమీ అనుకోవద్దు.

ముందు వారానికి పదిహేను లైనింగ్ బ్లౌజులు కుట్టేదాన్ని, ఇప్పుడు ఆరేడు. ఆదాయం సగానికి పడింది, షాపు అద్దె పడలేదు. అందుకే కుట్టుకూలి కొంచెం పెంచాను. పెంచడం నాకు ఇష్టం లేదు, కానీ పెంచకపోతే షాపు నిలబడదు. పెళ్ళి సెట్లు మొత్తంగా తీసుకోవడం మానేశాను. వాటికి నాకు నమ్మకమైన ఇంకో ఇద్దరు కుట్టేవాళ్ళ దగ్గరికి పంపుతాను.

ఇప్పుడు సంతోషమైన మాట. ఉగాది నుంచి ఇప్పటిదాకా చెప్పిన తేదీకి ఇవ్వని బ్లౌజు ఒక్కటీ లేదు. మీకది చిన్న విషయం అనిపించవచ్చు. రేపు మంచం మీంచి లేస్తానో లేదో తెలియని మనిషి, మూడు వారాల తర్వాతి తేదీ రాసిచ్చి ఆ తేదీకి బట్ట చేతిలో పెట్టగలుగుతోందంటే, నా వరకూ ఆశ అంటే అదే. పూర్తిగా నయమవుతుందని డాక్టరమ్మ నాకు చెప్పలేదు. కొందరికి మెరుగవుతుంది, కొందరికి అలాగే ఉంటుంది. ఈ జబ్బున్నవాళ్ళలో కనీసం నలుగురిలో ఒకరు ఏదో ఒక దశలో ఇల్లు దాటలేని, మంచం దిగలేని స్థితిలో ఉంటారు. నేను కూర్చుని పని చేసుకోగలుగుతున్నాను. నేను పడిపోయే రోజులు తగ్గాయి, పడినా ముందుకంటే త్వరగా లేస్తున్నాను.

ఇంకో కబురు కూడా నాకు బలాన్నిచ్చింది. బ్రిటన్‌లో డీకోడ్ ఎం.ఇ. అనే పరిశోధన జరిగింది. 15 వేలకు పైగా రోగుల జన్యువులను పరిశీలించి, ఈ జబ్బుతో సంబంధం ఉన్న ఎనిమిది చోట్లను గుర్తించినట్టు 2025 ఆగస్టులో ప్రకటించారు. వాటిలో కొన్ని రోగనిరోధక శక్తికి, నరాలకు సంబంధించినవి. రేపే మందు వచ్చేస్తుందని దీని అర్థం కాదు. కానీ ఇంటి నుంచి కదలలేని వాళ్ళు కూడా ఇంట్లోనే ఉమ్మి నమూనా తీసి పోస్టులో పంపి ఆ పనిలో భాగమయ్యారు. వాళ్ళెవరో నాకు తెలియదు, తలుచుకుంటే మాత్రం కడుపు నిండిపోతుంది.

మీలో ఎవరికైనా, మీ ఇంట్లో పిల్లలకైనా ఇలాంటి అలసట ఉంటే బద్ధకం అని తిట్టకండి. ముందు డాక్టరు దగ్గర పరీక్షలు చేయించండి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా అలసట వస్తుంది, వాటికి మందులున్నాయి. అన్నీ బాగున్నా మనిషి లేవలేకపోతుంటే మాత్రం నమ్మండి. మాట్లాడాలనిపిస్తే సాయంత్రం షాపుకు రండి, కూర్చుని మాట్లాడుకుందాం. పొడులు, లేహ్యాలు మాత్రం నాకు తేవద్దమ్మా. మీ ప్రేమ తెలుసు, అవి వాడే ఉద్దేశం లేదు.

శ్రావణం సంగతికి వద్దాం. వరలక్ష్మీ వ్రతానికి కావాల్సిన బ్లౌజులు ఆషాఢంలోనే ఇచ్చేయండి. నోటుబుక్‌లో రాసుకున్న తేదీలు నిండిపోయాక కొత్తవి తీసుకోను, ఎంత దగ్గరివాళ్ళు అడిగినా సరే. అర్జెంటు ఆర్డర్లు, "నిలబడి ఉంటాను, కాస్త ఆల్టర్ చేసివ్వు" అనేవి ఇక కుదరవు. తయారైనవి గురువారం సాయంత్రం మాత్రమే ఇస్తాను. కాళహస్తి కలంకారీ గుడ్డ అయితే ఇంట్లో ఒకసారి తడిపి ఆరబెట్టి తెండి. ఫాల్స్, పికో ఎప్పటిలాగే మా చెల్లెలు చూసుకుంటుంది. కొలతకు మీకు బాగా సరిపోయే పాత బ్లౌజు ఒకటి తప్పకుండా తీసుకురండి, ఎక్కడ బిగుతు, ఎక్కడ వదులు అన్నది చీటీ రాసి దానికే పిన్ను పెట్టి ఇస్తే ఇంకా మంచిది.