చెక్క బస్తా మీద ప్రొటీన్ ఒక్కటే రాస్తే సరిపోదు

సంపాదకుడు గారికి,

మీ వ్యవసాయ పేజీలో గొర్రెల మేత గురించి ఏం రాసినా చివరికి నూనె గింజలు ఆడించగా మిగిలే చెక్క దగ్గరికి వచ్చి, "ప్రొటీన్ ఎక్కువున్న చెక్క పెట్టండి" అన్న మాట దగ్గరే ఆగిపోతోంది. ఆదోని దుకాణాల్లోనూ అంతే, బస్తా మీద శాతం చూపించి రేటు చెప్తారు. ల్యాబ్‌లో ఆ శాతం తేల్చేది చెక్కలోని నత్రజనిని కొలిచి 6.25తో గుణించి. అందులో గొర్రెకు అరిగేదెంత, పెంటికల్లో పోయేదెంత అన్నది ఆ లెక్కకు అక్కర్లేదు. ఎవడైనా చెక్కలో యూరియా కలిపాడనుకోండి, అందులో 46 శాతం నత్రజని కాబట్టి ఈ లెక్కన యూరియాలో 287 శాతం ప్రొటీన్ ఉన్నట్టు!

బుడ్డల (వేరుశనగ) చెక్క మంచిదే, 40 శాతం పైన ప్రొటీన్, చాలామటుకు అరుగుతుంది కూడా. కాకపోతే గొర్రె పెద్దపొట్టలో అది తొందరగా విరిగి అమ్మోనియా అవుతుంది, దాన్ని వాడుకోవాలంటే అక్కడున్న సూక్ష్మజీవులకు పిండిపదార్థం అందాలి, జొన్న నూకో మొక్కజొన్న నూకో కలపకుండా ఒట్టి చెక్క గుమ్మరిస్తే ఆ అమ్మోనియా లివర్‌కు చేరి యూరియాగా మారి మూత్రంలో పోతుంది. మన డబ్బులూ దాంతోపాటే. పత్తి చెక్క అంత త్వరగా విరగదు, కొంత ప్రొటీన్ పేగుల దాకా వెళ్ళి అక్కడ అరుగుతుంది. కానీ పొట్టు తీయని గింజలతో ఆడించిందైతే ప్రొటీన్ 22-25 శాతమే, పీచు ఎక్కువ. పాలు మరవని పిల్లలకు పత్తి చెక్క వద్దేవద్దు, అందులోని గాసిపాల్ అనే విషాన్ని తట్టుకునే పొట్ట వాటికింకా తయారై ఉండదు.

అన్నింటికంటే మోసం మాడిన చెక్కతో. మిల్లులో వేడి ఎక్కువైతే చెక్క ముదురు రంగుకు తిరుగుతుంది, వాసన కమ్మగా ఉంటుంది, గొర్రెలు ఎగబడి తింటాయి. ఆ వేడికి ప్రొటీన్ చక్కెరలతో అతుక్కుపోయి అరగకుండానే బయటికి వచ్చేస్తుంది, ల్యాబ్ అంకె మాత్రం చెక్కుచెదరదు. పోయినేడు ఒక దుకాణంలో నాకు అలాంటిదే అంటగట్టారు, ఇదేందయ్యా ఇంత నల్లగా ఉందంటే "శాతం చూడన్నా, 42 ఉంది" అన్నాడు. పొద్దుతిరుగుడు చెక్కకైతే ల్యాబ్ కూడా అక్కర్లేదు, గుప్పెడు తీసి నలిపితే నల్ల పొట్టు ఎంతుందో కంటికే తెలుస్తుంది. ఇక తడిసి బూజు పట్టిన బుడ్డల చెక్క ఎంత చవకగా ఇచ్చినా ముట్టుకోవద్దు, అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉంటే అది నేరుగా లివర్‌నే దెబ్బతీస్తుంది.

చెక్క వద్దనడం లేదు నేను. ఎండాకాలం ఒట్టి జొన్న సొప్ప మీద బతికే మందకు కొంచెం చెక్క తగిలితే సొప్ప కూడా బాగా అరుగుతుంది, ఎందుకంటే మొత్తం మేతలో ప్రొటీన్ 7 శాతం కన్నా తగ్గితే సొప్పలోని పీచును అరిగించే సూక్ష్మజీవులకే తిండి ఉండదు.

నేనడిగేది రెండే. బస్తా మీద పీచు, నూనె శాతాలు, పొట్టు తీసిందా లేదా అన్నదీ తప్పనిసరిగా రాయించేలా పశుసంవర్ధక శాఖను మీ పత్రిక గట్టిగా నిలదీయాలి. ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీ వాళ్ళను అడిగి, సీమలో దొరికే చెక్కలు గొర్రెల్లో ఎంతెంత అరుగుతాయో ఒక పట్టిక వేయండి. గొర్రె తిన్న మేత తూచి, వెనకాల సంచి కట్టి పెంటికలు పట్టి తూచి, రెండింట్లోనూ ప్రొటీన్ చూసి తేల్చే పరీక్షే అది, వాళ్ళకు కొత్తేం కాదు. చోటు లేదంటారా, ఒక ఆదివారం సినిమా పేజీలో ఒక ఫొటో తగ్గించుకోండి.

– ఒక గొర్రెల పెంపకందారు,
ఆలూరు, కర్నూలు జిల్లా