మా బోరు నీళ్లు చూసి మీరు గీసిన కండెన్సర్ ఇది కాదు

గుంటూరు,
మే 6

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మా మిర్చి కోల్డ్ స్టోరేజీకి ప్రత్యేకంగా తయారుచేసి పంపిన అమ్మోనియా కండెన్సర్ (కంప్రెసర్ నుంచి వచ్చే వేడి అమ్మోనియా ఆవిరిని నీళ్లతో చల్లబరిచి ద్రవం చేసే యంత్రం) ఒప్పుకున్న డ్రాయింగు ప్రకారం లేకపోవడం గురించి.

అయ్యా,

గత అక్టోబరులో మీ ఇంజినీరు గారు మా కంప్రెసర్ రూము కొలతలు తీసుకోవడానికి వచ్చారు. వెళ్తూ వెళ్తూ ఐదు లీటర్ల క్యాను నిండా మా బోరు నీళ్లు పట్టుకెళ్లారు. "నీళ్ల సంగతి తెలియకుండా కండెన్సర్ గీయకూడదండీ" అన్నది ఆయనే. ఆ ఒక్క మాటతో నాకు మీ మీద గురి కుదిరింది. తక్కువ ధరకు రెడీమేడ్ కండెన్సర్ దొరుకుతున్నా కాదనుకుని మీకు ఆర్డరు ఇచ్చాను. నీళ్ల టెస్టులో మొత్తం కాఠిన్యం, అంటే సున్నం లాంటి లవణాల గట్టిదనం, లీటరుకు 620 మిల్లీగ్రాములు అని వచ్చింది. ఆ రిపోర్టు మీ దగ్గరే ఉంది.

దాన్ని చూసే మీరు డ్రాయింగు గీశారు. 112 గొట్టాలు, ఒక్కొక్కటి 4.8 మీటర్లు, బయటి వ్యాసం 31.75 మిల్లీమీటర్లు, అంటే మా మెకానిక్కులు చెప్పే అంగుళంపావు గొట్టం. ఫౌలింగ్ ఫ్యాక్టర్ 0.00053 అని రాశారు. గట్టి నీళ్లకు లోపల సున్నం పేరుకోవడం ఖాయం కాబట్టి, ఆ మేరకు గొట్టాల ఉపరితలం ముందే ఎక్కువ పెట్టడానికి వేసుకునే లెక్క అది. రెండు పక్కలా మూతలు విప్పి బ్రష్ తోసుకునేలా, ఒక మూత సరిగ్గా రూము తలుపుకు ఎదురుగా వచ్చేలా కుదిర్చారు. చాలా బాగా గీశారని ఈ రోజుకీ అంటాను. నేను సంతకం పెట్టింది ఆ కాగితం మీద.

జనవరిలో కండెన్సర్ వచ్చింది. ఫిబ్రవరి నుంచి సరుకు దిగింది. మార్చి ఆఖరుకు ఛాంబర్లన్నీ తేజ, 334 రకాల మిర్చి టిక్కీలతో (బస్తాలతో) నిండిపోయాయి. ఎండలో ఆరి వచ్చిన కాయ వేడి లాగాలంటే ప్లాంటు మీద అసలు బరువు పడేది అప్పుడే.

ఏప్రిల్ 11 రాత్రి హెడ్ ప్రెషర్ (కండెన్సర్‌లో అమ్మోనియా పీడనం) 245 పి.ఎస్.ఐ. దాటి కటౌట్ ట్రిప్ అయింది, అంటే కంప్రెసర్ దానంతట అదే ఆగిపోయింది. మీ డిజైన్ ప్రకారం అమ్మోనియా 38 డిగ్రీల దగ్గర ద్రవం కావాలి, అంటే గేజీ 200 దగ్గర ఉండాలి. 245 అంటే 45 డిగ్రీలు. కండెన్సింగ్ ఒక్కో డిగ్రీ పెరిగితే కంప్రెసర్ 2 నుంచి 3 శాతం కరెంటు ఎక్కువ తింటుంది. అలాంటిది ఏడు డిగ్రీలు పెరిగింది. మా ఆపరేటర్ కండెన్సర్ పై డొల్ల (షెల్) మీద గోనెపట్టాలు కప్పి బకెట్లతో నీళ్లు పోస్తూనే ఉన్నాడు. తెల్లారేలోపు మరో నాలుగుసార్లు ఆగింది. మూడో ఛాంబర్ 5 డిగ్రీల నుంచి 9కి ఎక్కింది. పొద్దున్నే ఒక రైతు వచ్చి "రంగు పోదు కదండీ?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మిర్చికి రంగే ధర. అందులో చాలామంది మా బాండ్లు (సరుకు దాచినట్టు మేమిచ్చే రసీదులు) పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చుకున్నవాళ్లు.

మర్నాడు ప్లాంటు ఆపి, అమ్మోనియాను రిసీవర్ ట్యాంకులోకి లాగించి మూతలు విప్పించాం. గొట్టాల లోపల కోడిగుడ్డు పెంకు కంటే మందంగా తెల్లటి పొర. మేకుతో గీకితే పలుకులుగా రాలింది. అది మేం ఊహించిందే. బ్రష్ పట్టుకుని తోయబోతే లోపలికి పోలేదు. మీరు కండెన్సర్‌తో పాటు పంపిన బ్రష్షే, మీరు పంపిన గొట్టంలో పట్టలేదు! వెర్నియర్ పెట్టి కొలిస్తే బయటి వ్యాసం 25.4 మిల్లీమీటర్లు. అప్పుడు గొట్టాలు లెక్కపెట్టాం. 112 అలాగే ఉన్నాయి, సైజు మాత్రం అంగుళానికి దిగింది. 53.6 చదరపు మీటర్లు ఉండాల్సిన ఉపరితలం 42.9 మాత్రమే ఉంది. సరిగ్గా ఐదో వంతు కోత. పెట్టె అడుగున దొరికిన డేటాషీటులో ఫౌలింగ్ ఫ్యాక్టర్ కూడా 0.00018 అయింది. అది శుద్ధి చేసిన కూలింగ్ టవర్ నీళ్లకు వేసే లెక్క. ఈ మార్పు ఎవరు చేశారో, నాకు ఒక్క ఫోన్ అయినా ఎందుకు చేయలేదో చెప్పాలి.

మీ సర్వీసు విభాగం నుంచి వచ్చిన జవాబు నన్ను అంతకంటే ఎక్కువ బాధపెట్టింది. నీళ్లు గట్టివి కాబట్టి వారంటీ రాదట, నీళ్ల గట్టిదనం తగ్గించే సాఫ్ట్‌నర్ పెట్టుకోవాల్సిందట. నీళ్లు గట్టివని మీకు కండెన్సర్ పుట్టకముందే తెలుసు. గొట్టం సన్నమైతే నీటి వేగం పెరిగి వేడి బాగా పోతుందని కూడా అన్నారు. శుభ్రమైన నీళ్లకు ఆ మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఉక్కుతో పోలిస్తే సున్నం పొర వేడిని చాలా తక్కువగా సాగనిస్తుంది. లోపల ఆ పొర కట్టాక వేగం ఎంతని ఆదుకుంటుంది?

ఇప్పటికి రెండుసార్లు యాసిడ్ వాష్ చేయించాం. చేయించిన ప్రతిసారీ ప్లాంటు ఆపాలి, ఛాంబర్లు వేడెక్కుతాయి.

ఛాంబర్ల నిండా సరుకు ఉండగా మేలో ఈ కండెన్సర్ విప్పి పంపమనడం కుదరదు. అందుకని ముందుగా వారం రోజుల్లో మీ ఖర్చుతో ఒక తాత్కాలిక కండెన్సర్ తెచ్చి దీని పక్కన కలపండి. సంతకమైన డ్రాయింగు ప్రకారం, అంగుళంపావు గొట్టాలతో కొత్తది తయారుచేసి చలికాలంలో, డిసెంబరు దాటకుండా మార్చండి. అది కట్టేముందు గొట్టాలు కొలవడానికి మా మనిషిని మీ షెడ్డులోకి రానివ్వండి. అమ్మోనియా పని శిక్షణ ఉన్న మీ మనుషులే మాస్కులతో వచ్చి చేయాలి, మా కుర్రాళ్ల ప్రాణాలతో ప్రయోగం చేయను. యాసిడ్ వాష్ బిల్లులు, అదనంగా కాలిన కరెంటు లెక్క దీంతో జతచేశాను, అవీ చెల్లించాలి.

ఏ పనికి కావాలో కొనేవాడు ముందే చెప్పి, అమ్మేవాడి నైపుణ్యాన్ని నమ్మి కొంటే, వస్తువు ఆ పనికి తగినట్టు ఉండాలని 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. పది రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే మా వకీలు ద్వారా నోటీసు పంపుతాను. అంతవరకూ మిగిలిన 10 శాతం బిల్లు ఆపి ఉంచుతున్నాను.

గొట్టంలోంచి రాలిన సున్నం పలుకులు ఒక పొట్లంలో కట్టి, ఆ బ్రష్‌తో సహా ఈ కవరుతో పంపుతున్నాను. మా నీళ్లు పట్టుకెళ్లిన ఇంజినీరు గారికి అవి చూపించండి.

ఇట్లు,
కోల్డ్ స్టోరేజీ యజమాని

జతపరచినవి: సంతకమైన డ్రాయింగు నకలు, నీళ్ల టెస్టు రిపోర్టు, డేటాషీటు, కొలతల ఫొటోలు, బిల్లులు.