చౌరస్తాకూ రాయి కావాలి

సంపాదకులకు నమస్కారం.

చౌరస్తాల్లో, పార్కుల్లో నిలబెట్టే బొమ్మలను ఫైబర్‌తో పోత పోయించి రంగులు వేయించడం మన వైపు అలవాటైపోయింది. రెండు ఎండాకాలాలు గడిచేసరికి పెచ్చులూడుతాయి. మళ్ళీ రంగు, మళ్ళీ బిల్లు. ఇంత రాయి ఉన్న నేల మీద ఇదేం పని అని, ముప్పై ఏళ్ళు డ్రాయింగు మాస్టారుగా పనిచేసిన నాకు మనసు ఊరుకోదు.

నల్లగొండ పక్కనున్న పానగల్లు దగ్గర రేకుల షెడ్డు వేసుకున్న ఒక యువ శిల్పి ఉన్నాడు. అక్కడి పాత గుడి, పచ్చల సోమేశ్వరాలయపు నల్లరాతి స్తంభాల ముందు కూర్చొని ఒక వలయం ఎక్కడ ఆగి మరొకటి ఎక్కడ మొదలవుతుందో, గోడల మీది రామాయణ, భారత ఘట్టాల్లో కొద్దిపాటి చోటులో అంతమందిని ఎలా ఇమిడ్చారో గీసుకోవడమే అతని చదువు. అయితే అతడు చెక్కేవి దేవుళ్ళు కావు. మొన్న నేను చూసింది గ్రానైటులో నడుము వంగిపోయిన మనిషిని. ముఖం లేదు. ఒళ్ళంతా ఉలి గాట్లతో గరుకుగా వదిలేసి, వెన్నును మాత్రం చేయి జారేటంత నునుపు చేశాడు. వెన్నుపూసలు ఆ స్తంభపు వలయాలే. ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయే ఫ్లోరోసిస్‌ జబ్బును చూసిన నల్లగొండ వాళ్ళకు ఆ మనిషి ఎవరో చెప్పనక్కర్లేదు. మన బోరునీళ్ళలోకి ఫ్లోరైడు ఊరేది ఈ గ్రానైటులోంచే గనుక, అతడు ఆ రాయినే ఎంచుకోవడం ఊరికే జరగలేదని నా నమ్మకం.

ఉలి పట్టే ముందు రాయిని సుత్తితో తట్టి చూస్తాడు. గంటలా మోగితేనే పని. బొంగురుగా పలికితే లోపల బీట ఉన్నట్టు. పాత స్థపతుల పరీక్షే ఇది. మోటు పనికి మాత్రం గ్రైండరు వాడతాడు. దాన్ని తప్పుపట్టే పెద్దలు ఒకటి ఆలోచించాలి: ఆ గుడి కట్టిన కందూరు చోడ రాజుల కాలపు శిల్పి కూడా తనకు దొరికిన మంచి ఇనుమునే వాడి ఉంటాడు కదా. (ఆ రాతిపొడికి ముక్కుకు కట్టుకున్న తువ్వాలు చాలదని అతన్ని కోప్పడి వచ్చాను.)

యాదగిరిగుట్ట ఆలయాన్ని కృష్ణశిల అనే నల్లరాతితో తిరిగి కట్టి 2022లో తెరిచినప్పుడు వందలమంది శిల్పుల పనిని అందరం మెచ్చుకున్నాం. గుడి పని ముగిశాక అటువంటి చేతులకు మిగిలేది సమాధి ఫలకాలూ రోళ్ళూ.

అధికారులు వచ్చే టెండరులో ‘ఫైబర్’ అన్న మాట పక్కన ‘లేదా రాయి’ అని చేర్చాలని, రాతి పనికి మూడు నెలలు కాక ఏడాది గడువు ఇవ్వాలని కోరుతున్నాను. పానగల్లు మ్యూజియం ఆవరణలో ఇక్కడి శిల్పుల కొత్త పనికి కాస్త చోటు ఇస్తే, పాత విగ్రహాలు చూసి బయటికి వచ్చే బడిపిల్లలకు ఆ వంగిన మనిషి ఎదురుపడతాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత చిత్రలేఖన ఉపాధ్యాయుడు,
నల్లగొండ