అనంతపురం తమ్ముడికి, రాత్రంతా ఫోన్ పెట్టేయనందుకు

థీసిస్ అప్‌లోడ్ అయిపోయింది. రసీదు మెయిల్‌కి వచ్చింది. రాత్రంతా నిద్ర లేదు, కళ్ళు మండుతున్నాయి, అయినా పడుకోబోయే ముందే ఇది రాసేయాలి. పడుకుని లేచానంటే మనసు ఇంకో పని మీదికి వెళ్ళిపోతుంది, చెప్పాల్సిన మాట లోపలే ఉండిపోతుంది. నాకు ఏడీహెచ్‌డీ ఉంది. మనసు ఒకచోట నిలవక జారిపోతుండే స్థితి అది. దగ్గరివాళ్ళకి తెలుసు. తెలియనివాళ్ళకి ఇవాళ నేనే చెప్తున్నాను.

నా ల్యాప్‌టాప్‌లో చాలా ఏళ్ళుగా ఉబుంటు వాడుతున్నాను. విండోస్ బదులు వాడే లైనక్స్ రకం అది. పాత మిషన్, విండోస్ మోయలేకపోతోందని అప్పట్లో మార్చాను. ఇది నాకు ఇష్టం. మూలన ఏ ప్రకటనా మెరవదు, ఏ నోటిఫికేషనూ రాకుండా పూర్తిగా ఆపేసుకోవచ్చు, తెర మీద ఒక్క కాగితం తప్ప ఇంకేమీ కనపడకుండా పెట్టుకోవచ్చు. నాలాంటి బుర్రకి ఆ ప్రశాంతత ఎంత అవసరమో మాటల్లో చెప్పలేను. కానీ రోజూ ఏదో ఒకటి తగులుతూనే ఉంటుంది. మీటింగ్‌లో మైకు ఆన్ చేయగానే బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఫోన్‌కాల్ మోడ్‌కి మారిపోయి గరగరమంటుంది, ఆ శబ్దం నా చెవులు తట్టుకోలేవు. మూత వేసి తీస్తే ఒక్కోసారి వైఫై లేవదు. తెలుగు నుంచి ఇంగ్లీషుకి కీబోర్డు మారడం ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఇవి ఎవరికైనా ఐదు నిమిషాల పని. నాకు కాదు. ఒకటి సరిచేద్దామని కూర్చుంటే దాని లోపల ఇంకోటి తెరుచుకుంటుంది, దానిలో ఇంకోటి, తల ఎత్తి చూస్తే పొద్దు పోయి ఉంటుంది, రాయాల్సిన పేజీ రాయకుండానే ఉంటుంది. ఇది బద్ధకం కాదని చెప్పడానికే నా జీవితంలో సగం శక్తి ఖర్చయిపోయింది.

నిన్న సాయంత్రం అప్‌డేట్ నడుస్తూ మధ్యలో ఆగింది. రీస్టార్ట్ చేస్తే నల్లతెర, దాని మీద తెల్ల అక్షరాల్లో కెర్నెల్ పానిక్, అంటే సిస్టంకి గుండెలాంటి ప్రోగ్రామే ఆగిపోయిందని, రూట్ ఫైల్‌సిస్టం మౌంట్ చేయలేకపోతున్నానని. థీసిస్ పాత ప్రతి ఆన్‌లైన్‌లో ఉంది. కానీ మా గైడ్ గారు చివరిగా దిద్దించిన ప్రతి, వరంగల్ కొత్తవాడ నేతన్నల ఇళ్ళకి తిరిగి రాసుకొచ్చిన జంపఖానాల కూలి లెక్కల పట్టికలన్నీ ఆ మిషన్‌లోనే. గడువు ఈరోజు. దగ్గర్లో ఉన్న రిపేరు షాపుకి పరిగెత్తాను. డిస్కు ఎన్‌క్రిప్ట్ చేసి ఉందని, అంటే పాస్‌వర్డ్ లేనిదే చదవలేకుండా తాళం వేసి ఉందని చెప్పగానే, లైనక్సా మేడం, ఫార్మాట్ కొట్టి విండోస్ వేసిస్తాం, డేటా మీద ఆశ పెట్టుకోకండి అన్నారు. షాపు మెట్ల మీదే కూలబడ్డాను.

మా చెల్లెలు ఆఫీసులో ఎవరినో అడిగితే, వాళ్ళు వాళ్ళ పాత రూమ్మేట్ నంబర్ ఇచ్చారు. అనంతపురంలో ఎక్కడో నైట్ డ్యూటీలో సర్వర్లు చూసుకునే అబ్బాయి. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయను. రాత్రి పది దాటాక ఫోన్ చేశాను. ఏడుపు, కంగారు, ఎర్రర్ మెసేజ్, గడువు, షాపువాళ్ళ మాట, అన్నీ కలిపి ఒక్క ఊపిరిలో చెప్పేశాను. అంతా విన్నాడు. మధ్యలో ఆపలేదు. నేను ఆగాక, "నాకు ఏడీహెచ్‌డీ ఉంది, నాలుగు మాటలు ఒకేసారి చెప్తే మూడు పోతాయి, కోప్పడకండి" అన్నాను. ఈ మాట చెప్పినప్పుడల్లా అవతలివాళ్ళు ఒక నవ్వు నవ్వుతారు, అందరికీ అంతేలే అంటారు. అతను అలా అనలేదు.

"సరే మేడం. ఒకసారికి ఎన్ని చెప్పమంటారు మీకు? ఒకటా, రెండా?" అని అడిగాడు.

ఎన్ని చెప్పమంటారు. ఇన్నేళ్ళ చదువులో, ఉద్యోగంలో, ఇంట్లో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. డాక్టరు గారు కూడా ఇలా అడగలేదు. ఒకటి అన్నాను. గొంతు పెగల్లేదు. "అయితే ఒకటే. అది అయినాక చెప్పండి, అప్పుడు ఇంకోటి" అన్నాడు. ఆ తర్వాత తెల్లవారే దాకా ఆ మాట తప్పలేదు.

అసలు ఏమైందో ముందు చెప్పాడు. నా మిషన్‌లో బూట్ పార్టిషన్, అంటే మిషన్ లేవడానికి కావాల్సిన ఫైళ్ళుండే భాగం, చిన్నది, పాత కెర్నెళ్ళు పేరుకుని నిండిపోయింది. కొత్త కెర్నెల్ వచ్చింది గానీ దానితోపాటు తయారవాల్సిన ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ అనే ఫైలుకి చోటు లేక అది తయారవలేదు. ఎన్‌క్రిప్ట్ అయిన డిస్కుని తెరిచేది ఆ ఫైలే. "మీ ఫైళ్ళు యాడికీ పోలేదు అక్కా. తాళంచెవి తెచ్చే మనిషి దారిలో ఆగిపోయినాడు, అంతే. పాత కెర్నెల్ తాళంచెవి ఇంకా ఉంటుంది, దాంతో పోదాం" అన్నాడు. మేడం ఎప్పుడు అక్క అయ్యిందో గమనించలేదు. ఆ ఒక్క వాక్యానికి నా చేతుల వణుకు తగ్గింది.

పాత కెర్నెల్ ఎంచుకోవాలంటే గ్రబ్ మెనూ, అంటే మిషన్ లేచేటప్పుడు ఏ కెర్నెల్‌తో లేవాలో అడిగే పట్టీ, రావాలి. నా మిషన్‌లో కంపెనీ బొమ్మ పోగానే ఎస్కేప్ నొక్కాలి, అదీ ఒక్కసారే. రెండోసారి తగిలితే మెనూ దాటిపోయి గ్రబ్ అని ఒంటరి అక్షరాలతో ఖాళీ తెర వస్తుంది. కంగారులో ఉన్నవాళ్ళ వేళ్ళు ఒక్కసారి నొక్కి ఊరుకోవు కదా. ఆ ఖాళీ తెర చూసి అంతా పోయిందనుకున్నాను. "ఏం కాలేదు, అక్కడ నార్మల్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టి, వెంటనే ఒక్కసారి ఎస్కేప్" అన్నాడు, రోజూ వినే సంగతిలా. మెనూ వచ్చింది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. కింద పాత కెర్నెల్. ఎంటర్ కొట్టాను. కాసేపటికి పాస్‌వర్డ్ అడుగుతూ గీత కనపడింది. డిస్కు తెరుచుకోబోతోందన్న మాట. నేను ఏమీ మాట్లాడలేకపోయాను, అతనూ మాట్లాడలేదు, వెనక ఏసీల హోరు మాత్రం వినపడుతోంది.

లోపలికి వెళ్ళాక నేను వెంటనే అంతా బాగుచేసేద్దామన్నాను. వద్దన్నాడు. "ముందు థీసిస్ ఫైలు మీకు మీరే మెయిల్ చేసుకోండి. ఇంకో కాపీ చెల్లెలికి. మిగతాది దాని తర్వాత." చేశాను. అప్పుడు ఒక నిమిషం ఆగమని, తర్వాత వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు.

ఆ ఫోటో గురించి చెప్పకపోతే ఈ పోస్టు రాసి ప్రయోజనం లేదు. రూళ్ళ నోట్‌బుక్కు కాగితం. నీలం ఇంకుతో ఒక వరుసకి ఒక్క కమాండు, పెద్ద అక్షరాలతో. వరుసకీ వరుసకీ మధ్య రెండు వేళ్ళ ఖాళీ. ప్రతి కమాండు కింద, అది సరిగ్గా జరిగితే తెర మీద ఏం కనపడుతుందో తెలుగులో ఒక ముక్క. కొన్ని చోట్ల ఎర్ర పెన్నుతో అడ్డగీత, దాని పక్కన "ఇక్కడ ఆగొచ్చు. ఆగినా ఏమీ పాడవదు" అని రాసి ఉంది. రెండు చోట్ల మాత్రం "ఇక్కడ ఆగొద్దు, కింది గీత దాకా రండి" అని. డ్యూటీలో ఉండి, ముఖం తెలియని మనిషి కోసం ఎర్ర పెన్ను వెతుక్కుని గీతలు గీశాడు.

ఏ పనిలోనైనా నాకు తెలియనిది అదే. ఎక్కడ ఆగితే ప్రమాదం లేదో తెలియదు. అందుకే ఆగలేను, లేకపోతే మొదలే పెట్టలేను. ఆ ఎర్ర గీతలు చూసి వంటింట్లోకి వెళ్ళి గట్టిగా ఏడ్చాను.

మొదటి వరుస, ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ నంబరు చూడటం. ఆ నంబరు పైకి చదివించాడు, చిన్న కాగితం మీద రాసి తెర అంచుకి అంటించమన్నాడు. "దీన్ని మాత్రం ముట్టుకోకూడదు, ఇది పోతే మళ్ళీ లోపలికి రాలేం." తర్వాత బూట్ పార్టిషన్ ఎంత నిండిందో చూడటం, వంద శాతం అని కనపడింది. పాత కెర్నెళ్ళు ఒక్కొక్కటే తీసేయడం. సగంలో ఆగిన అప్‌డేట్ పూర్తి చేయించడం. ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ మళ్ళీ తయారు చేయించడం. గ్రబ్ అప్‌డేట్. మధ్యలో ఒకచోట నా మనసు జారిపోయింది, ఫోన్లో కెర్నెల్ నంబర్ల గురించి ఏదో చదువుతూ ఉండిపోయాను, ఎంతసేపో తెలియదు. ఉలిక్కిపడి హలో అంటే, "ఉన్నాను అక్కా, మూడో గీత దగ్గర ఉన్నాం" అన్నాడు. ఏం చేస్తున్నారని అడగలేదు. తొందర చేయలేదు. అన్నీ అయ్యాక హెడ్‌ఫోన్ సంగతి కూడా చూద్దామా అని నేనే అడిగితే, "అది సబ్మిషన్ అయినాక. ఈ రాత్రికి ఇది చాలు" అన్నాడు. డబ్బు మాట ఎత్తితే, "ఆ కాగితం ఫోటో దాచిపెట్టుకోండి, మళ్ళా పనికొస్తాది" అని పెట్టేశాడు.

తమ్ముడూ, ఇది నీ దాకా వస్తుందో లేదో. నీకు నా దండం.

ఇంకో మాట కూడా చెప్పాలి, మనసులో ఉంచుకోలేను. నెల కిందట ఒక ఆఫీసులో గడువు కొద్దిగా పెంచమని డాక్టరు సర్టిఫికెట్‌తో అడిగాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితా తీసి చూపించారు. 21 రకాలున్నాయి. ఆటిజం ఉంది, చదవడం రాయడంలో ఇబ్బంది కలిగించే లెర్నింగ్ డిజబిలిటీ ఉంది. ఏడీహెచ్‌డీ పేరు లేదు. "ఇందులో లేదమ్మా, మేమేం చేయలేం." దీనికి నేను వాడే మందు సంగతి ఇంకా కష్టం. మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే గట్టి నియంత్రణ ఉన్న జాబితాలోది, డాక్టరు చీటీ రెండు ప్రతులు ఉండాలి, ఒకటి షాపువాళ్ళు రెండేళ్ళు భద్రపరచాలి. దానికి వేరే లైసెన్సు కావాలి, ఉన్న షాపులు తక్కువ. కట్టుదిట్టం ఎందుకో నాకూ తెలుసు. కానీ నెల తిరిగేసరికి హనుమకొండలో తిరిగి తిరిగి దొరక్క, గడువు వారంలోనే మందు లేకుండా కూర్చోవాల్సి వస్తే ఆ బాధ ఎవరితో చెప్పుకోవాలి? థీసిస్ టెంప్లేటు వర్డ్‌లో తప్ప సరిగ్గా తెరుచుకోదు, ఉబుంటులో వర్డ్ బదులు వాడే లిబ్రేఆఫీస్‌లో పట్టికలు పేజీ దాటిపోతాయి, ఆ టెంప్లేటు మార్చమని అడగడానికి ఒక కిటికీ కూడా లేదు. జాబితాలో లేనివాళ్ళం కూడా చదువుకుంటున్నాం, పన్నులు కడుతున్నాం. ఈ సంగతి ఎవరో ఒకరు పట్టించుకోవాలి.

మా అమ్మ, మావారు, అత్తయ్య, పిల్లల్ని చూసుకున్నారు, వండిపెట్టారు. వాళ్ళకి వేరే చెప్పేదేముంది.

మా గైడ్ గారికి, పొద్దున ఆరింటికి ఫోనెత్తి పట్టికలు మళ్ళీ చూసినందుకు ధన్యవాదాలు.

అయ్యో, మా మరిది. హైదరాబాద్‌లో షాపులు తిరిగి మందు పట్టుకుని రాత్రి బస్సుకి వచ్చాడు. అది లేకపోతే ఇవాళ ఫారం నింపగలిగేదాన్ని కాదు.

పక్కింటి ఆంటీ, మా కరెంటు పోతే వాళ్ళ ఇన్వర్టర్ నుంచి వైరు లాగి ఇచ్చారు. చెల్లెలి ఆఫీసులో నంబర్ ఇప్పించిన ఆయన, పేరు కూడా అడగలేదు, చెల్లెలు చెప్తుందిలెండి. అప్‌లోడ్ మధ్యలో పోర్టల్ ఆగిపోతే మళ్ళీ తెరిపించిన సెక్షన్ క్లర్కు గారు, సెలవు రోజైనా ఫోనెత్తారు. జిరాక్స్ షాపు అబ్బాయి పెన్‌డ్రైవ్ ఇంకా నా దగ్గరే ఉంది, సోమవారం తెచ్చిస్తాను.