ఇంజెక్షన్ తల్లి చేపకే, కూరలోకి వచ్చే చేపకు కాదు

సంపాదకులకు నమస్కారం.

చెరువు పండుగప్ప, సముద్రంలో దించిన వల పంజరాల్లో పెంచిన చందువా పార చేప తినొద్దని, వాటికి హార్మోన్ ఇంజెక్షన్లు పొడుస్తారని ఈమధ్య వాట్సాప్‌లో తెగ తిప్పుతున్నారు. విశాఖ పూర్ణా మార్కెట్‌లో చేపలమ్మే ఆడవాళ్లను "ఏమ్మా, ఇది ఇంజెక్షన్ చేపేనా?" అని నిలదీసేవాళ్లు కనిపిస్తున్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో పెంపకం చేప మీద కూడా పుకారు పడితే వాళ్ల బేరం ఏం కావాలి? భీమిలి వైపు హేచరీల్లో, అంటే గుడ్లు పెట్టించి పిల్లల్ని తీసే కేంద్రాల్లో, పనిచేసి రిటైరైనవాణ్ని కాబట్టి తెలిసింది రాస్తున్నాను.

ఇంజెక్షన్ మాట నిజమే. కానీ అది చేసేది తల్లి చేపకు. పండుగప్ప మామూలుగా అమావాస్య, పౌర్ణమి పోట్లు చూసుకుని నదీ ముఖాల దగ్గరకు వచ్చి గుడ్లు వదులుతుంది. ట్యాంకులో ఆ పోటూ ఉండదు, నది సముద్రంలో కలిసేచోట ఉండే ఉప్పు తేడా ఉండదు. కడుపులో గుడ్లు ఒక దశ దాకా ఎదిగి అక్కడే ఆగిపోతాయి. మెదడు నుంచి కబురు రాదు, దాని కింద ఉండే పీయూష గ్రంథి తన హార్మోన్ వదలదు. ఆ కబురు పనే ఇంజెక్షన్ చేస్తుంది. అదీ ఎప్పుడు పడితే అప్పుడు కాదు. సన్నని గొట్టంతో నాలుగు గుడ్లు తీసి మైక్రోస్కోపు కింద కొలుస్తారు. 0.4 మిల్లీమీటర్లు దాటితేనే మందు. డోసు తల్లి బరువులో కిలోకు 60–70 మైక్రోగ్రాములు, అంటే నాలుగు కిలోల చేపకు మొత్తం కలిపి మిల్లీగ్రాములో పావు వంతు, కాస్త అటూ ఇటూగా. 30–36 గంటల్లో గుడ్లు నీటి మీద తేలతాయి. ఒక్క తల్లికి లక్షల్లో. ఆ గుడ్డులోంచి వచ్చిన పిల్ల కిలో చేప కావడానికి ఏడాది దగ్గర పడుతుంది. మీరు కొనే చేప ఒంటికి సూది తగలనే లేదు.

కొన్ని చేపలకు హెచ్‌సీజీ అనే హార్మోన్ వాడతారు. మన ఊళ్లోని సంతాన సాఫల్య కేంద్రాల్లో ఆడవాళ్లకు రాసేదీ అదే. అక్కడ దాన్ని చూసి ఎవరూ బెదరరు.

పైగా ఇది కొత్త సంగతి కాదు. 1957 జూలై 10న కటక్‌లో హీరాలాల్ చౌధురి చేప పీయూష గ్రంథి సారం ఎక్కించి మన చెరువు చేపలతో గుడ్లు పెట్టించారు. ఆ రోజునే ఇప్పటికీ జాతీయ చేప రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. కొల్లేరు వైపు నుంచి వచ్చే బొచ్చె, శీలావతి ఆ దారిన వచ్చినవే. రొయ్యల సంగతి అడక్కండి. హేచరీలో తల్లి రొయ్యకు ఒక కన్ను కాడతో సహా తీసేస్తారు, గుడ్లు రాకుండా ఆపే హార్మోన్ అక్కడ ఉంటుంది కాబట్టి. నన్నడిగితే సూది కంటే అదే కర్కశం. దాని గురించి ఒక్క మెసేజ్ కూడా నాకు రాలేదు.

హేచరీ పిల్లలు వద్దంటే రైతు ఊరుకోడు, కాలువల్లో, నదులు సముద్రంలో కలిసే మొగల్లో వల వేసి పండుగప్ప పిల్లల్ని పట్టిస్తాడు. రేపు వేటకు వెళ్లేవాళ్లకు దొరకాల్సిన చేప అది. 2007లో దేశంలోనే మొదటిసారి నడిసముద్రంలో పంజరం దించింది మన విశాఖ తీరంలోనే. చందువా పారతో ట్యాంకుల్లో గుడ్లు పెట్టించింది కూడా ఇక్కడి కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రమే. ఇంత దగ్గర్లో ఇంత పని జరుగుతుంటే ఊరికి ఒక ముక్క చెప్పేవాళ్లు లేకపోవడమే నాకు అసలు కోపం.

అడగాల్సినవి వేరే ఉన్నాయి. తిలాపియా అనే చెరువు చేప పిల్లల్ని మగవిగా మార్చడానికి మేతలో కలిపే మిథైల్ టెస్టోస్టిరాన్ స్టెరాయిడ్. పైన చెప్పినవాటితో దాన్ని కలిపి మాట్లాడకూడదు, దాని మీద నిఘా కావాల్సిందే. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి నిషేధించిన యాంటీబయాటిక్స్ ఎగుమతి సరుకులో దొరికితే కంటైనర్ వెనక్కి వస్తుంది. మన మార్కెట్‌కు వచ్చే చేపను అంత గట్టిగా ఎవరు పరీక్షిస్తున్నారు? ఇంజెక్షన్లు తీసుకున్న తల్లి చేపలు ముసలివయ్యాక ఎటు పోతున్నాయి? మోతాదు చిన్నదే, ఆ మందు ఒంట్లో ఎక్కువ కాలం నిలిచేదీ కాదు. అయినా ఆ చేప బజారుకు రాకూడదనే నేనంటాను.

మత్స్యశాఖ అధికారులను కోరేది ఇంతే. ప్రతి హేచరీ తల్లి చేపకు ఏ మందు, ఏ తేదీన, ఎంత ఇచ్చిందో, చివరికి దాన్ని ఏం చేసిందో రాసిపెట్టాలి. చేపల మార్కెట్లలో నెలకోసారి నమూనాలు తీసి, ఫలితాన్ని అక్కడే తెలుగులో బోర్డు మీద పెట్టాలి. వచ్చే వేట నిషేధం మొదలయ్యేలోగా పూర్ణా మార్కెట్‌తో మొదలుపెడితే బాగుంటుంది.

– ఒక పాఠకుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం