వార్షిక నివేదిక 2025–26: ఇటలీవారి చౌక ప్రళయాలతో మన ఏడాది

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

మన ఫిల్మ్ సొసైటీ నిరుటి సర్వసభ్య సమావేశంలో, ప్రపంచం అంతమయ్యాక జరిగే కథలతో ఇటలీవారు చౌకగా తీసిన సినిమాలను ఈ ఏడాది ప్రదర్శనల అంశంగా పెట్టడం మీద జరిగిన వాదన అందరికీ గుర్తుండే ఉంటుంది. దె సికా, ఫెలీని లాంటి గొప్ప దర్శకులు పుట్టిన దేశం నుంచి ఏరి ఏరి ప్లాస్టిక్ పుర్రెలు తగిలించిన మోటారు సైకిళ్ల సినిమాలు తెచ్చుకోవడం ఏమిటని కొందరు పెద్దలు నిలదీశారు. చివరికి తీర్మానం నెగ్గడానికి కారణం ఒక చిన్న సంగతి. ఇటలీ దర్శకుడు జో డమాటో 1983లో తీసిన 'ఎండ్‌గేమ్' కథ జరిగేది 2025లో. సినిమావాళ్లు ఊహించిన ప్రళయం గడువు దాటిపోయిన ఏడాదిలో ఆ ప్రళయాలను వరుసగా చూద్దామన్న ఆలోచన చాలామందికి నచ్చింది. చూశాం. అభ్యంతరం చెప్పిన పెద్దల్లో ఎక్కువమంది చివరిదాకా క్రమం తప్పకుండా వచ్చారని ఇక్కడ నమోదు చేయడం కార్యదర్శిగా నా హక్కు.

కొత్త సభ్యుల కోసం నేపథ్యం కొంత చెప్పాలి. 1955లో ఇటలీలో అమ్ముడైన సినిమా టిక్కెట్లు 80 కోట్లు దాటాయి. 1985 నాటికి అవి దాదాపు 12 కోట్లకు పడిపోయాయి. ఈ పతనం మధ్యలో రోమ్ నిర్మాతలు బతికింది ఒకే సూత్రం మీద: ఎక్కడ ఏ సినిమా ఆడినా, అలాంటివే పది తక్కువ ఖర్చుతో, తొందరగా తీసి దేశదేశాలకు అమ్మడం. 1958లో 'హెర్క్యులిస్' సినిమా ఆడితే కండలు తిరిగిన పురాణవీరులు వచ్చారు. 1964లో సెర్జియో లియోనె కౌబాయ్ సినిమా ఆడితే వందల కౌబాయ్ చిత్రాలు వచ్చాయి. ఆ తర్వాత పోలీసుల కథలు, నరమాంస భక్షకులు, జాంబీలు. 1979లో ఆస్ట్రేలియా నుంచి 'మ్యాడ్ మ్యాక్స్', అమెరికా నుంచి 'ద వారియర్స్', 1981లో జాన్ కార్పెంటర్ 'ఎస్కేప్ ఫ్రమ్ న్యూయార్క్', మ్యాడ్ మ్యాక్స్ రెండో భాగం వచ్చేసరికి, ఈసారి కూలిన నగరాలు, ముఠాల కథలకు దారి తెరుచుకుంది. 1982 నుంచి 1984 వరకు, అంటే మహా అయితే మూడేళ్లు, రోమ్ చుట్టుపక్కల ప్రపంచం అనేకసార్లు అంతమైంది.

అనుకరణ అన్న మాట విని ముఖం చిట్లించేవారి కోసం ఏడాది మొదట్లో మన 'మోసగాళ్లకు మోసగాడు' (1971) వేశాం. అమెరికా కౌబాయ్‌ను ఇటలీవారు ఎత్తుకుపోతే, ఇటలీ కౌబాయ్‌ను కె.ఎస్.ఆర్. దాస్, కృష్ణ కలిసి రాజస్థాన్ ఎడారికి తీసుకొచ్చారు. ఆ రోజు ఈలలు వేసినవారే తర్వాతి నెల ఇటలీవారిని కాపీరాయుళ్లనడం కొంచెం వింతగా తోచింది.

ఈ ఏడాది అందరికంటే ఎక్కువ చర్చ జరిగింది దర్శకుడు ఎంజో కాస్తెల్లారి మీద. అసలు పేరు ఎంజో జిరొలామి, దర్శకుల కుటుంబం. కొట్లాటను నెమ్మది చలనంలో నాట్యంలా చూపించడం ఆయన ముద్ర. ఆయన 1982లో తీసిన '1990: ద బ్రాంక్స్ వారియర్స్' కథ మామూలుదే. ఆయుధాలు తయారుచేసే పెద్ద సంస్థకు వారసురాలు ఆన్ పారిపోయి, న్యూయార్క్ నగరంలో చట్టం వదిలేసిన బ్రాంక్స్ ప్రాంతంలో ట్రాష్ అనే ముఠా నాయకుడి దగ్గర తలదాచుకుంటుంది. ఆమెను వెనక్కి తేవడానికి హ్యామర్ అనే కిరాయి మనిషి వస్తాడు. ట్రాష్ వేషం వేసిన మార్క్ గ్రెగరీ నటుడు కాడు. రోమ్‌లోని ఒక జిమ్‌లో కనిపిస్తే తీసుకున్నానని దర్శకుడే చెప్పుకున్నాడు. నడక చూస్తే నమ్మాలనిపిస్తుంది.

అయితే మన హాలును నిశ్శబ్దం చేసింది కథ కాదు, నటన కాదు, వెనక కనిపించే ఇళ్లు. స్టూడియో దృశ్యాలు రోమ్‌లో తీసినా, బయటి దృశ్యాల కోసం కాస్తెల్లారి నేరుగా న్యూయార్క్ వెళ్లాడు. 1970, 1980 జనాభా లెక్కల మధ్య బ్రాంక్స్‌లోని ఏడు జనగణన విభాగాల్లో 97 శాతానికి పైగా భవనాలు కాలిపోవడమో, పాడుబడి కూలిపోవడమో జరిగింది. అద్దెలు రాని ఇళ్లకు బీమా సొమ్ము కోసం యజమానులే నిప్పు పెట్టించిన ఉదంతాలున్నాయి. ఖర్చు మిగుల్చుకోవడానికి నగర ప్రభుత్వం అగ్నిమాపక కేంద్రాలను మూసేసింది. 1977 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ స్వయంగా వచ్చి షార్లట్ వీధి శిథిలాల మధ్య నడిచాడు. సెట్ వేయడానికి డబ్బు లేని ఇటలీ నిర్మాతకు ఇవన్నీ ఉచితంగా దొరికాయి. ఇందులో విడ్డూరం ఏమిటంటే, హాలీవుడ్ డబ్బుతో కార్పెంటర్ తీసిన న్యూయార్క్ చాలా భాగం సెయింట్ లూయిస్ నగరంలో తీసినది. నిజమైన శిథిల న్యూయార్క్ చౌకరకం అనుకరణలో దొరుకుతుంది. నది ఒడ్డున ముఠాలు ఎదురెదురుగా నిలబడితే ఒకడు కూర్చుని డ్రమ్స్ వాయించే దృశ్యం ఈ ధోరణి మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఎవడతను, ఎందుకు వాయిస్తున్నాడు అని సినిమా ఎక్కడా చెప్పదు.

రెండో భాగం 'ఎస్కేప్ ఫ్రమ్ ద బ్రాంక్స్' (1983) చర్చ రాత్రి చాలా పొద్దుపోయేవరకు సాగింది. ఇందులో ఒక సంస్థ బ్రాంక్స్‌ను నేలమట్టం చేసి కొత్త నగరం కట్టాలనుకుంటుంది. న్యూ మెక్సికోలో మంచి ఇళ్లిస్తామని మైకుల్లో చెబుతూ, వినని వారి మీదకు మంటలు చిమ్మే గొట్టాలతో దళాలను పంపుతుంది. ట్రాష్ తల్లిదండ్రులు ఆ దళాల చేతుల్లోనే చనిపోతారు. 1981లో శ్రీశైలం జలాశయం కోసం ఊరు ఖాళీ చేసిన కుటుంబం నుంచి వచ్చిన మన సభ్యులొకరు సినిమా అయ్యాక లేచి, మైకు ప్రకటనల మాట ఎత్తి, పునరావాసం ఇస్తామన్న గొంతులు ఎక్కడైనా ఒకేలా ఉంటాయా అని అడిగారు. జవాబు ఎవరి దగ్గరా లేదు. ఆ సినిమాను అంతవరకు నవ్వుతూ చూసిన కుర్రవాళ్లు కూడా ఆ తర్వాత నవ్వలేదు.

'ద న్యూ బార్బేరియన్స్' (1983) మాత్రం నవ్వించింది. రోమ్ శివార్లలోని రాళ్ల గనులే ఇందులో అణుయుద్ధం తర్వాతి భూమి. కార్ల మీద బోర్లించిన పారదర్శక ప్లాస్టిక్ గుమ్మటాలే కథ జరిగే 2019 నాటి సాంకేతికత. తెల్ల దుస్తుల్లో తిరిగే టెంప్లార్లు అనే ముఠావాళ్లు మిగిలిన మనుషులందరినీ చంపడమే మతంగా పెట్టుకుంటారు. పేలే బాణాలు వేసే ఫ్రెడ్ విలియమ్సన్ ఒకప్పుడు అమెరికా ఫుట్‌బాల్ తుదిపోటీ అయిన సూపర్ బౌల్‌ను మొట్టమొదటిసారి జరిగినప్పుడు ఆడినవాడు. ఆ హుందాతనం తెరమీద కూడా కనిపిస్తుంది. క్లాడియో సిమొనెత్తి సంగీతం చాలాచోట్ల సినిమా కంటే ముందుంటుంది. ఇందులో కథానాయకుడిపై జరిగే లైంగిక హింస గురించి కొందరు సభ్యులు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారు. ఫిర్యాదు న్యాయమైనదే. ఇకపై ఇలాంటి ప్రదర్శనలు పద్దెనిమిదేళ్లు నిండినవారికే అని, హెచ్చరిక కరపత్రంలో ముందే ముద్రించాలని కార్యవర్గం నిర్ణయించింది.

సెర్జియో మార్తీనో 'మార్టిన్ డోల్మన్' అన్న పేరుతో తీసిన '2019: ఆఫ్టర్ ద ఫాల్ ఆఫ్ న్యూయార్క్' (1983) చూడటానికి యువసభ్యులు ఎక్కువమంది వచ్చారు. లోకంలో పిల్లలు పుట్టడం ఆగిపోయింది. సంతానం కనగల ఆఖరి స్త్రీని న్యూయార్క్ నుంచి తీసుకురావాలి. 'కల్కి 2898 ఏడీ'లో గర్భం కోసం సాగిన వేట వారికి గుర్తొచ్చి ఆసక్తిగా చూశారు. ఈ కథ ఎవరి సొత్తూ కాదనీ, ప్రళయం కథలు రాసేవారంతా చివరికి గర్భం దగ్గరకే వస్తారనీ నా అభిప్రాయం. అట్టముక్కల లాంటి నమూనా నగరం మీద కెమెరా తిరిగే తొలి దృశ్యాన్ని మన ఫొటోగ్రాఫర్ సభ్యులు రెండుసార్లు వేయించుకుని చూశారు.

గొంతు పెదవులకు సరిపోవడం లేదన్న ఫిర్యాదు ప్రతి నెలా వచ్చింది. ఈ సినిమాల్లో సెట్ మీద నటులు ఎవరి భాషలో వారు మాట్లాడేవారు. శబ్దమంతా తర్వాత స్టూడియోలో చేర్చినదే. ఇటాలియన్ ప్రతిని 'అసలు' అనడానికి వీల్లేదు. డబ్బింగ్ సినిమాలతో పెరిగిన మనం దీనికి ఇబ్బంది పడటం విడ్డూరమే. సౌలభ్యం కోసం ఇంగ్లీషు ప్రతులే వేశాం. తెలుగు కథాసారం కాగితం ఎప్పటిలాగే పంచాం.

నా దృష్టిలో ఏడాది మొత్తానికి కీలకం శీతాకాలంలో ఒకదాని వెంట ఒకటి వేసిన రెండు సినిమాలు. 'ఎండ్‌గేమ్'లో వేటగాళ్లు ఒక మనిషిని నగరమంతా తరుముతుంటే టీవీ ప్రత్యక్ష ప్రసారం చేస్తుంది. లూచియో ఫుల్చి 'వారియర్స్ ఆఫ్ ద ఇయర్ 2072' (1984)లో టీవీ సంస్థలు పోటీ పడి రోమ్‌లో మళ్లీ గ్లాడియేటర్లను, అంటే జనం చూస్తుండగా ప్రాణాలకు తెగించి పోరాడేవారిని, దింపుతాయి, ఈసారి మోటారు సైకిళ్ల మీద. మనుషుల వేటను ఆటగా చూపించడం ఇటలీకి కొత్త కాదు, దర్శకుడు ఎలియో పేత్రి 1965లోనే ఆ పని చేశాడు. కానీ 1983 నాటికి అందులోని శత్రువు, అంటే టీవీ, నిర్మాతల ఇంటికే వచ్చి కూర్చుంది. 1976లో ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం స్థానిక ప్రైవేటు ప్రసారాలకు దారి తెరిచింది. 1980లో వ్యాపారి బెర్లుస్కోనీ టీవీ ఛానల్ 'కనాలె 5' మొదలైంది, 1984కల్లా ఆయన చేతిలో మూడు ఛానళ్లున్నాయి. జనం ఇంట్లోనే సినిమాలు చూస్తుంటే థియేటర్లు మూతపడ్డాయి. అణుబాంబు సాకు మాత్రమే, ఈ దర్శకులను నిజంగా భయపెట్టింది టీవీ అని నేను వాదించాను. కార్యవర్గంలో సగంమంది ఒప్పుకోలేదు. టీవీలో వేట ఆట అన్న ఊహను దిగుమతి సినిమాల నుంచి ఎత్తుకొచ్చారే తప్ప అంత ఆలోచన ఈ దర్శకులకు లేదని వారి మాట. ఎత్తుకొచ్చిన వస్తువులో ఏది ఎంచుకున్నారన్నది కూడా ఆలోచనే కదా అని నా మాట. వివాదం తెగలేదు.

'ఎక్స్‌టర్మినేటర్స్ ఆఫ్ ద ఇయర్ 3000' గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. పెట్రోలు బదులు నీటి కోసం కొట్టుకునే ఏకైక కారణంతో అనంతపురం సభ్యులకు నచ్చింది.

మార్తీనో 'హ్యాండ్స్ ఆఫ్ స్టీల్' (1986) ప్రదర్శనకు ముందు నటుడు క్లాడియో కసినెల్లికి నివాళి అర్పించాం. 1985లో ఆరిజోనాలో ఆ చిత్రీకరణలోనే హెలికాప్టర్ కూలి ఆయన మరణించాడు. 'బ్రాంక్స్ వారియర్స్'లో హ్యామర్ వేషం వేసిన విక్ మారో కూడా 1982 జూలైలో వేరొక సినిమా చిత్రీకరణలో ఇద్దరు పిల్లలతో పాటు హెలికాప్టర్ ప్రమాదంలోనే పోయాడు. చౌక సినిమాల్లోనే ప్రాణాలకు విలువ లేదని ఆ రోజు ఎవరో అన్నారు. మారో చనిపోయింది పెద్ద హాలీవుడ్ సినిమా సెట్ మీద అన్న సంగతిని సభా నివేదికలో చేర్పించాను.

ఇక లెక్కలు. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా జతచేశారు. హాలు అద్దె పెరిగినా, ప్రొజెక్టరు మరమ్మతు దాతల సాయంతో జరిగింది గనక లోటు లేదు. పుస్తకాల బీరువా తాళం పోయింది, కొత్తది వేయించాం. నెలవారీ కరపత్రాలు చక్కగా అచ్చువేసి ఇచ్చిన సభ్యులకు, కుర్చీలు సర్దిన కళాశాల విద్యార్థులకు కృతజ్ఞతలు.

వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలు అందాయి: 1970ల ఇటలీ పోలీసు చిత్రాలు ఒకటి, అదే దశాబ్దపు తెలుగు కౌబాయ్ చిత్రాలు రెండోది. నా మొగ్గు రెండోదాని వైపు. ప్రతులు ఎవరి దగ్గర మిగిలాయో వెతికే పని ఇప్పుడే మొదలుపెట్టకపోతే తర్వాత దొరకవు. సర్వసభ్య సమావేశంలో ఓటింగు ఉంటుంది. చందా బకాయి ఉన్నవారికి ఓటు లేదన్న నియమాన్ని ఈసారి తప్పక అమలు చేస్తామని కోశాధికారి చెప్పమన్నారు.

భవదీయుడు,
కార్యదర్శి